వెంట్రుకవాసి అంటే చాలా ఎక్కువ

"వెంట్రుకవాసిలో తప్పిందండీ" అంటాం మనం. బస్సు కింద పడబోయి లేచినవాడూ అదే మాట అంటాడు, ఒక్క మార్కులో ఫస్టుక్లాసు పోగొట్టుకున్నవాడూ అదే మాట అంటాడు. మన నుడికారంలో ఇంతకంటె సన్నని కొలత లేదన్నమాట. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఏ గ్రైండింగు షాపుకైనా వెళ్ళి ఆ మాట అని చూడండి. "వెంట్రుకవాసి తేడానా? అయితే అవతల పారెయ్యండి" అంటారు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కొందరిది 50, కొందరిది 100. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అక్కడ మంచి పనివాడు 5 మైక్రాన్ల తేడాలోపల పని ముగిస్తాడు. అంటే వెంట్రుకను నిలువునా 14 చీలికలు చేస్తే అందులో ఒక చీలిక. మన సామెతలు ఇంకా విల్కిన్సన్ కాలంలోనే వుండిపోయాయి.

విల్కిన్సన్ ఎవరంటారా? ఇంగ్లండులో ఫిరంగులు తొలిచిన ఇనపపిచ్చి ఆసామి. జేమ్స్ వాట్ ఆవిరియంత్రం మొదట్లో సరిగా పనిచెయ్యకపోవడానికి లోపం ఆలోచనలో లేదు, సిలిండరులో వుంది. గుండ్రంగా వుండవలసిన గొట్టం గుండ్రంగా లేదు. పిస్టనుకూ గోడకూ మధ్య సందులోంచి ఆవిరి బుసబుసమంటూ పోయేది. విల్కిన్సన్ తన ఫిరంగుల పద్ధతిలో 1776 ప్రాంతంలో తొలిచి యిచ్చిన సిలిండరులో తేడా పాత షిల్లింగు నాణెమంత. అంగుళంలో పదోవంతు వేసుకోండి. మన వడ్రంగుల భాషలో సూతుకు కాస్త తక్కువ. ఆ కాస్త తక్కువలోంచే రైళ్ళూ, మిల్లులూ, మొత్తం పారిశ్రామిక విప్లవం వచ్చిపడ్డాయి.

ఈ కథతో మొదలుపెట్టి సైమన్ విన్‌చెస్టర్ అనే ఆంగ్ల రచయిత 2018లో ఒక లావుపాటి పుస్తకం రాశాడు. ఇంగ్లండులో దాని పేరు 'ఎగ్జాక్ట్‌లీ', అమెరికాలో 'ది పర్ఫెక్షనిస్ట్స్'. కచ్చితత్వం మీద పుస్తకం రాసి, దాని పేరు మాత్రం కచ్చితంగా చెప్పకుండా రెండు పెట్టారు, చూశారా! సరే, అది ప్రచురణకర్తల గొడవ. పుస్తకం కట్టుబాటు మాత్రం ముచ్చటగా వుంది. ప్రతి అధ్యాయం నెత్తిన ఒక అంకె వుంటుంది. ఆ అధ్యాయంలో వచ్చే మనుషులు ఎంత తేడాను ఒప్పుకున్నారో ఆ అంకె చెబుతుంది. మొదట 0.1. పేజీలు తిప్పేకొద్దీ చుక్క తరవాత సున్నాలు చేరుతూ పోతాయి. చివరికి గురుత్వాకర్షణ తరంగాలను పట్టే లైగో దగ్గరికి వచ్చేసరికి సున్నాలు లెక్కపెట్టడానికి వేలు పెట్టుకోవలసి వస్తుంది.

రచయిత తండ్రి ఈ పనిలో ఇంజనీరేనట. కొడుక్కి ఒకనాడు పెట్టెలో ఉక్కుపలకలు తెచ్చి చూపించాడు. చూడడానికి డామినో బిళ్ళల్లా వుంటాయి. రెండిటిని ఒకదానిమీద ఒకటి పెట్టి కాస్త తిప్పి జరిపితే అతుక్కుంటాయి. జిగురు లేదు, అయస్కాంతం లేదు. రెండు ముఖాలూ అంత చదునుగా వుండడమే కారణం. వీటిని స్వీడనులో యోహాన్సన్ అనే ఆయన 1896లో ఊహించాడు. లోకంలోని ఫ్యాక్టరీల కొలతలన్నీ చివరికి ఇటువంటి బిళ్ళల దగ్గరికే వచ్చి సాక్ష్యం చెప్పుకోవాలి. మన రామచంద్రాపురంలోనూ అంతే, జపానులోనూ అంతే.

మాడ్స్‌లే, విట్‌వర్త్‌ల అధ్యాయాలు చదువుతున్నప్పుడు నాకు మన భాష మీద కొంచెం గర్వం కలిగింది. 'మర' అన్న ఒక్క మాటను మనవాళ్ళు రెండింటికీ వాడారు. పిండిమర అంటే యంత్రం. మరమేకు అంటే స్క్రూ. స్క్రూ అంటేనే యంత్రం అన్నట్టు. లేతుమిషను మీద మరను కచ్చితంగా కొయ్యగలిగిన తరవాతే ఇంగ్లండులో యంత్రాలు యంత్రాలను కనడం మొదలుపెట్టాయి. కాని గర్వపడడం అక్కడితో ఆపాలి. మన అమ్మమ్మల మరచెంబు జ్ఞాపకం వుందా? కాశీయాత్రకూ, రైలు ప్రయాణానికీ నీళ్ళు తీసుకుపోయే ఇత్తడి చెంబు. ఒక చెంబు మూత ఇంకో చెంబుకు పట్టేది కాదు. ఏ జతకు ఆ జతను కంచరి కూర్చుని అరగదీసి కలిపేవాడు. మూత పోతే చెంబూ పోయినట్టే. విట్‌వర్త్ 1841లో మరలన్నిటికీ ఒకే లెక్క వుండాలని చెప్పినప్పుడు తీర్చిన బాధ అదే. ఏ మూతైనా ఏ చెంబుకైనా పట్టాలి.

పుస్తకం మొత్తానికి మకుటం హబుల్ టెలిస్కోపు కథ. అది 1990లో ఆకాశానికి వెళ్ళింది. బొమ్మలు మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల అద్దం, లోకంలో అంత నునుపైన అద్దం అంతవరకు లేదు. కాని అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ అరగదీశారు. అద్దంలో పొరపాటు లేదండి, దాన్ని పరీక్షించే సాధనంలో వుంది. ఆ సాధనంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు పక్కకు జరిగివుంది. ఎందుకు జరిగింది? కొలకర్ర మూతకు పూసిన నల్లరంగు ఒకచోట రాలి, కాంతి కర్ర కొసనుంచి కాకుండా ఆ మూతనుంచి తిరిగివచ్చింది. కటకం వుండవలసినచోట లేకపోయేసరికి పనివాళ్ళు మామూలు వాషర్లు పెట్టి సందు పూడ్చారు. ఆ తప్పుకొలతకు అద్దం అక్షరాలా విధేయంగా తయారయింది. తరవాత 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దానికి కళ్ళజోడు పెట్టి వచ్చారు.

ఇందులో అసలు బాధాకరమైన సంగతి ఇంకొకటి. అద్దాన్ని వేరే రెండు సాధనాలతో కూడా పరీక్షించారు. రెండూ తప్పుందనే చెప్పాయి. అవి ఈ పెద్ద సాధనమంత గొప్పవి కావు కదా అని వాటి మాట పక్కన పెట్టారు.

సంగారెడ్డి రోడ్డు మీద ఒక చిన్న వర్క్‌షాపులో ఈ కథ చెబితే, తల నెరిసిన ఒక ఫిట్టరు నవ్వలేదు. "మిషన్ అబద్ధమాడదు సారూ, గేజీ ఆడుతది. గేజీని మల్ల ఇంకో గేజీతోని అడగాలె" అన్నాడు. విన్‌చెస్టర్ ఇరవై పేజీలలో చెప్పినదాన్ని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఇక్కడినుంచే నాకూ ఈ పుస్తకానికీ తగాదా. ఆఖరి అధ్యాయంలో రచయిత జపాను వెళతాడు. సీకో గడియారాల ఫ్యాక్టరీలో ఒకవైపు యంత్రాలు క్వార్ట్జ్ వాచీలను పుంఖానుపుంఖాలుగా వదులుతుంటే, ఇంకోవైపు మనుషులు కూర్చుని చేత్తో వాచీలు కూరుస్తుంటారు. వెదురు, లక్క, కొయ్య - వీటి అందాన్ని జపాను వాళ్ళు మరిచిపోలేదని మురిసిపోతాడు. మనం కచ్చితత్వాన్ని మితిమీరి పూజిస్తున్నాం, కచ్చితం కాని చేతిపనికి కూడా చోటివ్వాలని సలహా చెబుతాడు. వినడానికి ఇంపుగా వుంది. కాని చేతిని తీసుకెళ్ళి 'కచ్చితం కానిది' అన్న గదిలో కూర్చోబెట్టడం అన్యాయం. మాడ్స్‌లే దగ్గరా, విట్‌వర్త్ దగ్గరా చేతిపని సంగతి ఆయనే చెప్పాడు. మూడువందల పేజీలు దాటేసరికి మరిచాడు కాబోలు.

లేతుమిషను అచ్చంగా తిన్నగా వుండాలంటే దాని పడక తిన్నగా వుండాలి. ఆ పడకను ఏ యంత్రం తిన్నగా చేసింది? అంతకుముందున్న యంత్రం. మరి దాన్ని? ఇలా వెనక్కి పోతూ వుంటే చివరికి ఒక మనిషీ, అతని చేతిలో ఒక గీకుడు ఉలీ కనిపిస్తాయి. షాపుల్లో దీన్ని స్క్రాపింగ్ అంటారు. చదునైన పలకమీద నీలిరంగు పల్చగా రాసి, పనిముక్కను దానిమీద పెట్టి రుద్దుతారు. ఎక్కడ మిట్ట వుందో అక్కడ నీలం అంటుకుంటుంది. ఆ మిట్టను మాత్రం ఉలితో గీకుతారు. ఒక గీకుకు పోయేది కొన్ని మైక్రాన్లు. మళ్ళీ నీలం, మళ్ళీ గీకడం. రోజులు పడుతుంది. పూర్తయిన తలం మీద ముగ్గులాంటి గుర్తులు మిగులుతాయి. అవి అలంకారానికి కాదు, ఆ సన్నని గుంటల్లో నూనె నిలుస్తుంది.

చదునైన పలక కావాలంటే ముందే ఇంకో చదునైన పలక వుండాలి కదా, మొట్టమొదటిది ఎలా వచ్చింది అని మీకు అనుమానం రావాలి. వచ్చిందా? దానికి జవాబు మూడు పలకలు. రెండు పలకలను ఒకదానితో ఒకటి రుద్దితే ఒకటి బొజ్జలాగా, రెండోది గిన్నెలాగా తయారై రెండూ చక్కగా కలిసిపోవచ్చు. అత్తాకోడళ్ళు రాజీపడ్డట్టు పైకి అంతా సవ్యంగానే వుంటుంది. మూడో పలకను తెచ్చి ప్రతిదాన్నీ ప్రతిదానితో రుద్దండి. ముగ్గురూ ముగ్గురితోనూ కలవాలంటే ముగ్గురూ చదునుగా వుండడం తప్ప గత్యంతరం లేదు. ఏ కొలతా లేకుండా, ఏ గొప్ప యంత్రమూ లేకుండా, ఉత్త చేతులతో చదును పుట్టించే ఉపాయం ఇది. లోకంలోని కచ్చితత్వానికి పుట్టిల్లు ఇక్కడుంది. చేతిపనిని దానికి సవతిని చేస్తే ఎలా?

విన్‌చెస్టరుకు జపాను అంత దూరం పోవలసిన పని లేకపోయింది. హైదరాబాదులో దిగివుంటే చాలును. కవాడిగూడలో ప్రాగా టూల్స్ 1943లోనే పుట్టింది. ఉలులకు సాన పట్టే గ్రైండర్లూ, లేతుమిషను చక్‌లూ చేసింది. 1988లో హెచ్.ఎం.టి. కిందికి వెళ్ళింది. ఆ హెచ్.ఎం.టి. యంత్రాల ఫ్యాక్టరీ అరవైల్లోనే మన వూరు వచ్చింది. అరవైల్లోనే చెకోస్లొవేకియా సాయంతో రామచంద్రాపురంలో పెద్ద టర్బైన్ల ఫ్యాక్టరీ లేచింది. ఇవాళ అందరూ బి.హెచ్.ఇ.ఎల్. అనీ, బస్సు కండక్టర్లు ఒట్టి 'భెల్' అనీ పిలిచేది అదే. ఈ ఫ్యాక్టరీల చుట్టూ, పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, కంది మీదుగా సంగారెడ్డి దాకా చిన్న చిన్న షెడ్లు మొలిచాయి. అప్పుడది మెదక్ జిల్లా. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా.

భెల్‌లో చేసే టర్బైను రోటరు సంగతి చూడండి. మనింటి కరెంటు సెకనుకు 50 సార్లు వూగాలంటే ఆ రోటరు నిమిషానికి 3,000 చుట్లు తిరగాలి. ఇరుసునుంచి అరమీటరు దూరంలో ఒకవైపు ఒక్క గ్రాము బరువు ఎక్కువైందనుకోండి. తులంలో పదోవంతు కూడా కాదు. ఆ వేగంలో ఆ గ్రాము ఐదు కిలోల బరువంత బలంతో రోటరును పక్కకు గుంజుతుంది. అదైనా ఒకవైపుకు కాదు, సెకనుకు 50 సార్లు దిక్కు మారుస్తూ. అందుకని రోటరును ఒక సొరంగంలాంటి గదిలో పెట్టి, గాలంతా లాగేసి, నడిచే వేగం కంటె ఎక్కువ వేగంలో తిప్పి చూస్తారు. గాలి వుంటే ఆ రెక్కలు దాన్ని చిలకడానికే బోలెడు శక్తి ఖర్చయి కాగిపోతాయి. ఎక్కడ ఎంత బరువు తగ్గిందో కనిపెట్టి అక్కడ అంత చిన్న తూకం బిగిస్తారు. నగల కొట్లో గురిగింజ ఎత్తు కోసం పేచీపెట్టే మనం, టన్నుల బరువున్న ఇనుముకు గ్రాములతో తూనిక వేసే పని మన వూరి బస్సు రూటులోనే జరుగుతోందని తెలుసుకోలేదు.

ఈ రోడ్డుకు ఆకాశంతో చుట్టరికం ఎలా కలిసిందంటారా? బాలానగరులో 1970లో పి. రవీందర్ రెడ్డి, కె. సత్యనారాయణ రెడ్డి, పి. జయప్రకాశ్ రెడ్డి అనే ముగ్గురు ఒక కంపెనీ పెట్టారు. ఇవాళ దాన్ని ఎమ్‌టార్ అంటారు. ఆ పొడి అక్షరాల్లో మొదటి మాటలు మెషీన్ టూల్స్ అని అందరికీ తట్టుతుంది. చివరి మాట 'రీకండిషనింగ్'. అంటే అరిగిపోయిన యంత్రాలను మళ్ళీ పనిలోకి తేవడం. అరిగిన పడకలకు నీలం రాసి గీకే పని ఆ మాటలోనే దాగివుంది. ఆ కంపెనీయే తరవాత అణు రియాక్టర్లలో ఇంధనం మార్చే యంత్రాల తలలు చేసింది, ఇస్రో వికాస్ ఇంజను భాగాలు చేసింది. చంద్రయాన్-3ను 2023 జులై 14న మోసుకుపోయిన రాకెట్టు నడుములో మండినవి రెండు వికాస్ ఇంజన్లు. ఆగస్టు 23న అది చంద్రుడిమీద దిగింది. మర్నాడు పత్రికలన్నిటిలోనూ శాస్త్రజ్ఞుల ఫోటోలు వేశారు, వెయ్యవలసిందే. ఏ పత్రికలోనూ గేజీ పట్టుకున్న మనిషి ఫోటో నాకు కనిపించలేదు.

గేజీ పట్టుకున్న మనిషి చేసే పనేమిటంటే, ప్రధానంగా కాదనడం. రంధ్రాన్ని పరీక్షించే గేజీకి రెండు కొసలుంటాయి. ఒకటి 'గో', రెండోది 'నో-గో'. మొదటిది దూరాలి, రెండోది దూరకూడదు. రెండోది దూరిందా, ముక్క రిజెక్టు. అది నెలరోజుల పనిచేసిన ముక్క కావచ్చు, ఖరీదైన టైటానియం కావచ్చు. ఇంజనీరింగు టాలరెన్స్‌కు మన నిఘంటువుల్లో ఓర్పు, సహనం అని అర్థాలుంటాయి. డ్రాయింగు ఓర్పు ఇంత అని ముందే రాసిపెట్టివుంటుంది. ఆ పైన ఒక్క మైక్రాను కూడా ఓర్చుకోదు. పైనుంచి ఫోను వస్తుంది, "లారీ నిలబడివుంది, పంపించెయ్యండి" అని. వచ్చే నెల కాంట్రాక్టు రెన్యూవలు వున్న కుర్రాడు ఆ ఫోను పట్టుకుని ఏం చెబుతాడన్నది ఏ అధ్యాయం నెత్తినా అంకెగా వెయ్యలేరు.

దీనికి తోడు మన ఎండలొకటి. కొలతలకు లోకమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 1931లో నిర్ణయించారు. మే నెలలో పటాన్‌చెరు రేకుల షెడ్డు కింద 42. ఈ తేడాకు మీటరు ఉక్కుకడ్డీ పావు మిల్లీమీటరు పెరుగుతుంది, మూడున్నర వెంట్రుకలన్నమాట. అల్యూమినియం అయితే దానికి రెట్టింపు. ఉక్కు గేజీతో అల్యూమినియం ముక్కను షెడ్డులో కొలిచామా, ఇద్దరు అబద్ధాలకోర్లను ఒకరికొకరు సాక్ష్యం పెట్టినట్టే. అందుకని ముక్కను చల్లని కొలతగదిలో గంటల తరబడి ఉంచాలి. ఆవకాయ వూరాలి, కొలతా వూరాలి. తొందరపడితే రెండూ చెడతాయి.

చెడితే ఏమవుతుందో 2021 ఆగస్టు 12న చూశాం. జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు శ్రీహరికోటలో లేచింది. మొదటి రెండు దశలూ చక్కగా పనిచేశాయి. మూడో దశలో చల్లని ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో వుండవలసిన పీడనం లేకపోయింది. భూమిని చూడవలసిన ఉపగ్రహం పోయింది. విచారణ చేసిన సంఘం, ట్యాంకు మీది ఒక వాల్వు కారిందనీ, అందులోని మెత్తని సీలు దెబ్బతిని వుండవచ్చుననీ చెప్పింది. మన వంటింటి కుక్కరులో గ్యాస్కెట్టు కారితే పప్పు వుడకదు, ఇంకో విజిల్ చూస్తాం. అక్కడ ఇంకో విజిల్ లేదు. విన్‌చెస్టర్ కూడా ఇటువంటిది ఒకటి చెబుతాడు. సింగపూరులో 2010లో లేచిన పెద్ద విమానం ఇంజను బద్దలవడానికి, ఒక చిన్న నూనెగొట్టంలో తొలిచిన బెజ్జం నడిమధ్యలో లేకపోవడం కారణం. గోడ ఒకవైపు పల్చబడింది. ఎవరూ మరణించలేదు. ఆ ఘట్టం ఆయన రాసిన తీరు మాత్రం డిటెక్టివ్ నవలలను మించివుంది, ఒప్పుకోవాలి.

ఇక మన సంగతి. తెలుగులో శ్రమను గురించి కవిత్వం చాలా వచ్చింది. అందులో చెమట వుంది, సుత్తి వుంది, పిడికిలి వుంది. మైక్రోమీటరు లేదు. కార్మికుడు మన సాహిత్యంలో ఎప్పుడూ బలంతోనే పనిచేస్తాడు. వేలికొసలతో పనిచేసేవాడు కనబడడు. సైన్సు రాసినవాళ్ళు మహీధర నళినీమోహన్ గారి వంటి ఘనులు వున్నారు. క్యాలెండరు కథ చెప్పినవారు వున్నారు గాని, క్యాలిపర్ కథ చెప్పినవారు నాకు తటస్థపడలేదు. ఈ లోపల ప్రాగాలోనూ, హెచ్.ఎం.టి.లోనూ నీలం రాసి గీకడం నేర్చిన తరం రిటైరై, కూకట్‌పల్లిలోనూ, లింగంపల్లిలోనూ మనవల్ని స్కూలుకు దింపుతోంది. వాళ్ళకు తెలిసింది ఏ డ్రాయింగులోనూ లేదు. ఉలిని ఎంత వాలుగా పట్టాలి, నీలం ఎంత పల్చగా రాయాలి, గీకినప్పుడు వచ్చే చప్పుడులో ఏది మంచిది, ఏది చెడ్డది. కంప్యూటరు నడిపే మిషన్లు వచ్చాయి కదా, ఇక వాళ్ళెందుకంటారు కొందరు. ఆ మిషను పడక అరిగినప్పుడు తెలుస్తుంది. కంది దగ్గర ఐ.ఐ.టి. వుంది. రాకెట్లు చేస్తామనే పిల్లలు అక్కడ కొల్లలు. అదే రోడ్డు వెంబడి ఈ ముసలాళ్ళున్నారు. ఒకరికొకరు పరిచయం చేసేవాళ్ళు లేరు.

ఇంగ్లీషు చదవగలవాళ్ళు ఈ పుస్తకం తప్పకుండా చదవండి. ఫోర్డుకూ రోల్స్‌రాయిస్‌కూ పోటీపెట్టిన అధ్యాయం కొంచెం సాగదీశాడు, దాటెయ్యవచ్చు. హబుల్ అధ్యాయం రెండుసార్లు చదవండి. ఎవరైనా తెలుగు చెయ్యదలిస్తే ఒక మనవి. ఆ జపాను అధ్యాయం మూలంలో వున్నట్టే వుంచండి, పాపం ఆయన ఇష్టపడి రాసుకున్నాడు. కాని దాని తరవాత ఇంకో అధ్యాయం మన తరఫున చేర్చండి. కవాడిగూడలో మొదలుపెట్టి సంగారెడ్డి దాకా నడిచి, ఆ ఫిట్టర్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగి రాయాలి. నెత్తిన 0.005 అని వెయ్యండి, మిల్లీమీటర్లలో. త్వరగా మొదలుపెట్టడం మంచిది. నాతో మాట్లాడిన ఆయనకు డెబ్బయి నిండాయి, ఎడమకంటికి శుక్లం ముదురుతోంది.